మూడు మునకల పేరు

నాన్న గడ్డం కింద దూది ముక్క ఇంకా అంటుకునే ఉంది. నెత్తురు ఎప్పుడో ఆగిపోయింది, దాన్ని తీసెయ్యాలని ఆయనకి తోచలేదు, తీసెయ్యి నాన్నా అని చెప్పడానికి స్కేవోస్‌కి నోరు రాలేదు. చర్చి నిండా జనం, గోడల నిండా బంగారుపూత పటాలు, చేతి చేతినా కొవ్వొత్తి, వీటిలో ఒక్కటీ అతని కంటికి ఆనడం లేదు. ముందు వరసలో కొత్త సూటు వేసుకుని, ఊతకర్ర మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్న ముసలాయన, ఆయన మొహాన ఆ తెల్లటి చుక్క, అంతే. గీసింది తనే. 'నా చెయ్యి వణుకుతుంది, నువ్వే గియ్యరా, ఇవాళ నా పేరు వినబడే రోజు, ముళ్ళపంది మొహం వేసుకుని వెళ్ళకూడదు' అని పొద్దున ఆయనే కుర్చీ ఎండలోకి లాక్కుని కూర్చున్నాడు. సబ్బు నురగ రాసేటప్పుడు చెప్పేద్దామనుకున్నాడు స్కేవోస్. కత్తి పట్టుకున్నాక చెప్పేద్దామనుకున్నాడు. మెడ పైకెత్తి, కళ్ళు మూసుకుని, గొంతు కొడుకు చేతికిచ్చి పసిపిల్లాడిలా కూర్చున్న మనిషితో, నాన్నా, మనవడికి నీ పేరు పెట్టడం లేదు, అని ఎలా చెప్తారు ఎవరైనా? కత్తి కింద ఉన్న గొంతుతోనా? చెయ్యి జారింది. 'ఏం కాలేదులే' అన్నాడు నాన్న కళ్ళు తెరవకుండానే.

తలుపు దగ్గర ఫాదర్ మికేస్ సైతానుని పేరుపేరునా తిట్టిపోస్తున్నాడు. బిడ్డని ఎత్తుకున్న ఫానిస్ పడమర దిక్కుకి తిరిగి తూ తూ తూ అని ఊశాడు, ఏథెన్స్‌వాడు కదా, ఉమ్ము రాకుండా నాజూగ్గా ఊశాడు, వెనకాల ముసలమ్మలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఫానిస్ స్కేవోస్ భార్య మిర్సీని పనిచేసే ఆఫీసువాడు, మంచివాడు, బిడ్డకి జ్ఞానతండ్రి. కన్నవాళ్ళిద్దరూ వెనక్కి నిలబడాలి, నోరెత్తకూడదు, పేరు జ్ఞానతండ్రి నోటంట వినబడాలి, నీళ్ళ దగ్గరికి వచ్చేదాకా ఆ పేరు చర్చిలో ఎవరూ పలకకూడదు. అంతవరకూ వీడు చంటోడే. పుట్టిన దగ్గర్నించీ చంటోడే, చంటోడు పాలు తాగాడా, చంటోడు నిద్రపోయాడా. ఆ ఒక్క మాట చాటున ఇన్నాళ్ళూ దాక్కున్నాడు స్కేవోస్. ఫోనులో నాన్న 'మా చిన్న అకిందినోస్ ఎలా ఉన్నాడు' అని అడిగితే 'చంటోడు బావున్నాడు నాన్నా' అనేవాడు. అబద్ధం కాదుగా అది? అబద్ధం కాదు. అబద్ధం కంటే నీచమైనది ఏదో ఉంటుంది, దానికి పేరు లేదు, అది.

కొండ మీద ధడేలుమంది. ఈస్టర్ వెళ్ళి వారమయింది, అయినా కుర్రకారు దగ్గర డైనమైటు మిగిలే ఉంటుంది, మిగిలింది పేల్చకపోతే ఈ కాలిమ్నోస్ దీవి మగాడికి అన్నం సహించదు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఏథెన్స్ నించి వచ్చిన చుట్టాలు ఒక్కసారి ఉలిక్కిపడ్డారు, ఊరివాళ్ళు కనురెప్ప కూడా కదపలేదు. పక్కన నిలబడ్డ సెవస్తి అత్త, నాన్నకి చెల్లెలు, మోచేత్తో పొడిచింది.

"ఏంట్రా స్కేవో ఆ మొహం? బాప్తిస్మం నీకిస్తున్నట్టున్నావ్. చూడు మీ నాన్నని, పెళ్ళికొడుకులా లేడూ? రాత్రంతా నిద్రపోలేదట. నా పేరు వినకుండా పోతానేమోనని భయపడ్డానే సెవస్తీ, అన్నాడు. వింటావులే, చెవులు బాగానే ఉన్నాయిగా అన్నాను."

"ఊఁ" అన్నాడు స్కేవోస్.

ఊఁ అట. నోట్లో నాలుక లేనట్టు. అకిందినోస్. గండం లేనివాడు, ఆపద అంటనివాడు. ఇంత పెద్ద దేశంలో ఆ పేరు పెట్టుకున్నవాళ్ళు ఎక్కడున్నారో దేవుడికెరుక, తనకి మాత్రం ఇంకొకడు తగల్లేదు. మిర్సీని కడుపుతో ఉన్నప్పుడు ఒక పేర్ల సైటు తెరిచింది, ఏ పేరు ఎంతమంది పెట్టుకుంటున్నారో చూపించే పట్టీ, దాని అడుగుదాకా వేలితో జరుపుకుంటూ పోయాడు, ఎక్కడా లేదు. లేకపోతే ఏం, నాయనమ్మ దగ్గర ఉంది. నాయనమ్మ థెమెలీనా వాకిట్లో స్పాంజీలు కడుగుతూ చెప్పేది, చేతులు మోచేతులదాకా నల్లటి నీళ్ళు, ఆ కంపు ఇప్పటికీ ముక్కులోనే ఉంది. పూర్వం పర్షియా రాజు అయిదుగురు భక్తుల్ని పట్టుకున్నాడటరా, వాళ్ళలో ఒకడు మన అకిందినోస్, సీసం కాచి పోస్తే కాల్లేదు, నిప్పుల్లో వేస్తే కమల్లేదు, చివరికి తోలు సంచుల్లో పెట్టి కుట్టేసి సముద్రంలోకి గిరాటేస్తే ఒడ్డుకి నడిచొచ్చారు. 'మరి చచ్చిపోలేదా నాయనమ్మా?' 'చచ్చిపోయారు, తర్వాత. కానీ సముద్రంలో కాదు. అది చూడు ముఖ్యం.' ఈ దీవిలో ఆడవాళ్ళకి అదే ముఖ్యం. ఈస్టర్ వెళ్ళగానే పడవలు సముద్రం అడుగున పెరిగే స్పాంజీ కోసం ఆఫ్రికా వైపు కట్టకట్టుకుని వెళ్ళేవి, చలి మొదలయ్యేటప్పుడు తిరిగొచ్చేవి, వెళ్ళినంతమంది వచ్చేవాళ్ళు కాదు. ఒక ఏడు ఒక పడవ మనుషులకంటే ఖాళీ చోట్లు ఎక్కువేసుకుని వచ్చింది, అందులో నాయనమ్మ మామగారి తండ్రి ప్రాణాలతో దిగాడు, ఆ వారంలోనే ఆయన పెళ్ళాం ప్రసవించింది, సరిగ్గా ఆ అయిదుగురి పండగ నాడు. గండం గడిచి పిండం బయటపడింది. ఇంకేం పేరు పెడతారు? ఆ అకిందినోస్ కొడుకు స్కేవోస్, ఆ స్కేవోస్ కొడుకు మళ్ళీ అకిందినోస్, ఆయన కొడుకు తను. తాత పేరు మనవడికి, మళ్ళీ తాత పేరు మనవడికి, పడవ మీదివాడు తాడు అందించినట్టు నీళ్ళలోవాడికి, నీళ్ళలోవాడు తిరిగి పడవ మీదివాడికి. ఇవాళ తాడు వదిలేసేవాడు తను. బ్యాంకులో కుర్చీ, మెడలో టై, నీళ్ళంటే జలుబు చేసే మనిషి.

నీళ్ళు కాస్తున్నారు. చర్చి వెనక గదిలోంచి ఇద్దరాడవాళ్ళు కాగులు మోసుకొచ్చి పెద్ద ఇత్తడి గంగాళంలో పోస్తున్నారు, ఆవిరి లేస్తోంది, ఫాదర్ మికేస్ చొక్కాచేతులు పైకి మడుచుకుని నీళ్ళలో వేలు పెట్టి చూసి ఇంకో చెంబు చన్నీళ్ళు పొయ్యమన్నాడు. నాన్న మెడ చాచి చూస్తున్నాడు. నీళ్ళెక్కడున్నా ఆయన అలాగే చూస్తాడు, బకెట్టులో ఉన్నా సరే, లోతు ఎంతుందో అంచనా వేస్తున్నట్టు. ఆ నీళ్ళే ఆయన కాళ్ళు తీసుకున్నాయి. ఆఫ్రికాలో దెర్నా తీరాన, పెళ్ళయిన రెండో ఏడు, తలకి ఇత్తడి టోపీ బిగించుకుని దిగి, లోపల స్పాంజీ బాగా కనబడిందని ఆశపడి ఎక్కువసేపుండి, ఆగి ఆగి రావలసినవాడు గబగబా పైకి లాగించుకున్నాడు. పైకొచ్చి నవ్వాడట, సిగరెట్టు అడిగాడట, సగం కాల్చాక నాకు కాళ్ళు కనబడుతున్నాయి కానీ తెలియడం లేదురా అన్నాడట. పడవ తిరిగొచ్చిన రోజు తలుపు రెక్క మీద మోసుకుని దింపారు. కాలం గడిచి ఒక కాలు కొంచెం వచ్చింది, రెండోది ఈడుస్తాడు. కాఫీ కొట్టు దగ్గర వెధవలు ఊరుకుంటారా? 'పేరు గొప్ప, కాలు దిబ్బ! గండం లేనివాడు వస్తున్నాడు, గండాల్లారా తప్పుకోండి!' తను అయిదారేళ్ళవాడు, నాన్న వేలు పట్టుకుని నడుస్తుంటే వినేవాడు, భూమిలోకి కుంగిపోయేవాడు. నాన్నకి కోపం వచ్చేది కాదు. ఊతకర్ర బల్లకి ఆనించి, కాఫీ చెప్పి, ప్రతిసారీ ఒకటే మాట. 'నాతో దిగినవాళ్ళు ముగ్గురు. నేనొక్కణ్ణే మిగిలి మీ తిట్లు వింటున్నాను. పేరు పని పేరు చేసిందిరా, కాళ్ళ పూచీ అది ఎప్పుడూ తీసుకోలేదు.' అందరూ నవ్వేవాళ్ళు. తను నవ్వేవాడు కాదు. తనకి ఆ పేరుండకూడదని ఉండేది, ఆ కాలుండకూడదని ఉండేది, ఒక్కోరోజు, దేవుడా క్షమించు, ఆ చెయ్యి తన చేతిలో ఉండకూడదని ఉండేది.

ఎక్కడికెళ్ళినా తండ్రి పేరు అడుగుతారు ఈ దేశంలో. బడిలో, ఆస్పత్రిలో, కరెంటు ఆఫీసులో. పేరు, ఇంటి పేరు, తండ్రి పేరు. సైన్యంలో చేరిన మొదటి రోజు సార్జెంటు ఎండలో నిలబెట్టి గట్టిగా చదివాడు. 'స్కేవోస్, తండ్రి అకిందినోస్!' ఆగాడు. మళ్ళీ చదివాడు. 'గండం లేనివాడి కొడుకట్రా! వీణ్ణి ముందు వరసలో పెట్టండి, వీడి వెనక నక్కితే మనకి తూటా తగలదు!' మైదానమంతా పగలబడింది. అది కాదు ఇన్నేళ్ళయినా ముల్లులా గుచ్చుకునేది. తనూ నవ్వాడు. అందరికంటే గట్టిగా నవ్వాడు, 'మా నాన్నకి కూడా చెప్పండి సార్, ఆయన కాలు తిరిగొస్తుందేమో' అన్నాడు. అన్నాడు. ఆ నోటితోనే. వాళ్ళు భుజం తట్టారు, ఆ రోజు నించి మనవాడే అన్నారు, భోజనంలో ఇంకో ముక్క మాంసం వేశారు. అది తిన్నాడు.

"కొవ్వొత్తి వంచకురా, మైనం కారుతోంది" అంది సెవస్తి అత్త. కారింది నిజమే, వేళ్ళ మీద కారింది, మంట తెలియలేదు. మిర్సీని అటు స్తంభం పక్కన నిలబడి ఉంది, లేత నీలం గౌను, అలసట కళ్ళు, అతను చూసేసరికి నవ్వింది. పాపం ఆమెకేం తెలుసు. ఆమె తప్పేమీ లేదు, ఊళ్ళోవాళ్ళు రేపట్నించి ఏథెన్స్ కోడలు ఎగరేసుకుపోయిందంటారు కానీ, ఆమె ఎగరేసుకుపోలేదు, తను చేత్తో పట్టుకెళ్ళి ఇచ్చాడు. వంటింట్లో, బల్ల దగ్గర, మెంతికూర లాంటిదేదో తరుగుతూ, 'నాకు ఫీవోస్ బావుంటుంది, ఫీవోస్ అంటే వెలుగు, కానీ మీ పద్ధతి ఉంది కదా, మీ నాన్నగారి పేరు పెట్టాలంటే పెడదాం, నిజంగా చెప్తున్నాను' అని ఆమె అంటే, తను ఏమన్నాడు? 'వద్దు. బడిలో ఏడిపిస్తారు వాణ్ణి' అన్నాడు. ఎవర్ని? వాణ్ణా, తననా? 'పోనీ రెండూ కలిపి పెడదామా?' అంది. 'రెండు పేర్లా, వాడేమన్నా రాజుగారా' అన్నాడు. 'అయితే మీ నాన్నగారికి నువ్వే చెప్పాలి, నేను చెప్తే కోడలు చెప్పినట్టుంటుంది. ఆయన సరే అంటేనే.' ఆయన సరే అంటేనే. ఎన్నిసార్లందో. క్రిస్మస్‌కి ఫోను తీశాడు, నాన్న గొంతు వినగానే నీళ్ళు నమిలాడు, చలెలా ఉంది, మందులు వేసుకుంటున్నావా, పెట్టేశాడు. గదిలోంచి వచ్చి 'చెప్పాను. సరే అన్నాడు' అన్నాడు మిర్సీనితో. 'నిజంగానా? బాధపడ్డారా?' 'లేదు. ఆయనకలాంటి పట్టింపుల్లేవు.' ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 'ఎంత మంచివాడు' అంది. ఒక అబద్ధం ఇటు, ఒక మౌనం అటు, మధ్యలో తను. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటారు, అదీ కాదు, ఇక్కడ కప్పకీ కోపం లేదు, పాముకీ కోపం లేదు, ఇద్దరూ బంగారంలాంటి మనుషులు, తననే ఏ గోతిలో పాతిపెట్టాలో తెలియదు.

ఇందాక మెట్ల దగ్గర దొరికిపోయేవాడే. మిర్సీని తిన్నగా వెళ్ళి నాన్న రెండు చేతులూ పట్టుకుంది. 'మామయ్యగారూ, మీది పెద్ద మనసు. నేనెప్పుడూ మర్చిపోను' అంది. స్కేవోస్ మూడడుగుల దూరంలో రాయిలా నిలబడ్డాడు. అయిపోయింది, ఇప్పుడడుగుతాడు, దేనికమ్మా అంటాడు. నాన్న ఆమె మొహంలోకి చూశాడు, ఒక్క క్షణం ఆమె భుజం మీదుగా కొడుకు మొహంలోకి చూశాడు, 'పెద్దదేనమ్మా, అందుకే చొక్కా గుండీలు పట్టడం లేదు' అని నవ్వేశాడు. అందరూ నవ్వారు. ముసలాయనకి అర్థం కాలేదు, బతికిపోయాను అనుకున్నాడు స్కేవోస్. బతికిపోయాను, ఛీ.

ఇలా బతికిపోవడం కూడా మొదటిసారి కాదు. మిర్సీనితో పరిచయమైన కొత్తలో ఆమె మీ నాన్నగారి పేరేంటని అడిగితే నాలుక మడతపడింది, 'దినోస్' అన్నాడు. అకిందినోస్ తోకే అది, అబద్ధమంటే అబద్ధం కాదు, కానీ దినోస్ అంటే ఈ దేశంలో ఎవరికైనా కొన్‌స్తాందినోసే తడుతుంది, వీధికి పదిమంది ఉంటారు, రాజుల పేరు, ఎవడూ నవ్వడు. ఆమె అదే అనుకుంది. మే నెలలో కొన్‌స్తాందినోస్ అనే భక్తుడి పండగ, అంటే ఆ పేరున్నవాళ్ళందరి పండగ, వస్తే, ఎవరూ చెప్పకుండానే, ప్రేమతో, నంబరు వెతికి ఫోను చేసింది. 'దినోస్ మామయ్యగారూ, పేరు పండగ శుభాకాంక్షలు, నిండు నూరేళ్ళు ఉండాలి!' స్కేవోస్ పక్కనే ఉన్నాడు, ఫోనులోంచి నాన్న ఊపిరి వినబడింది. ఇప్పుడు చెప్పేస్తాడు. నా పండగ చలికాలంలో అమ్మా, నా పేరు అది కాదు అంటాడు. ఊపిరి ఆగింది, మళ్ళీ తీసుకుంది, నీళ్ళలోకి దిగబోయేవాడు తీసుకున్నట్టు. 'చాలా సంతోషం తల్లీ. నువ్వొక్కదానివే గుర్తుపెట్టుకున్నావు' అన్నాడు. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ, ఒక్కసారి, ఏంట్రా ఆ పిల్లకి నా పేరేం చెప్పావ్ అని అడగలేదు. అడిగుంటే బావుండేది. రెండు తిట్లు తిట్టి, కర్రతో ఒకటి తగిలించి ఉంటే ఎంత బావుండేది. పెళ్ళి పిలుపు అచ్చు వేయించేటప్పుడు మిర్సీనికి అసలు పేరు తెలిసింది. 'అబ్బ, ఎంత వింతగా ఉంది, ఎందుకు చెప్పలేదు?' అంది. 'ఎవరూ అలా పిలవరు' అన్నాడు. ఊరంతా అలాగే పిలుస్తారు.

ఆ పెళ్ళిలోనే, ఇదే చర్చి ముందు అరుగు మీద, మునిగేవాళ్ళ ఆట ఆడారు. మగాళ్ళు భుజాలు పట్టుకుని వరస కడతారు, ముందు నాయకుడు హుషారుగా ఎగిరి, ఉన్నట్టుండి కాళ్ళు పడిపోయినట్టు అయిపోతాడు, కర్ర తీసుకుని వణుకుతూ, పడుతూ, లేవాలని చూస్తూ, వయొలిన్ ఏడుస్తుంటే ఆ నడక నడుస్తాడు. ఊరివాళ్ళు నిశ్శబ్దంగా చూస్తారు, ఇంటికొకడైనా అలా తిరిగొచ్చినవాడుంటాడు. ఏథెన్స్ చుట్టాలు చప్పట్లు కొట్టారు, ఒకాయన నవ్వుతూ ఈల వేశాడు. మిర్సీని తల్లి వంగి, 'ఏమిటి నాయనా ఇది, తాగుబోతు వేషమా?' అని అడిగింది. బల్లకి ఆ చివర నాన్న కూర్చున్నాడు, కర్ర కుర్చీకి ఆనించి, ఆ ఆట చూస్తూ, పెదాలు కదుపుతూ. స్కేవోస్ ఒక్క మాట చెప్పవలసింది. ఇది మా నాన్న నడకండీ, అని. 'ఏదో పాతకాలం ఆటలెండి' అన్నాడు.

బిడ్డ ఏడుస్తున్నాడు. బట్టలు విప్పేశారు, ఫాదర్ మికేస్ నూనె పోసిన అరచేతులు ముందుకి చాచాడు, ఫానిస్ వాడి ఒంటికి నూనె రాస్తున్నాడు, ఎర్రటి ఒళ్ళు, జారిపోతున్న పిడికిళ్ళు. వెళ్ళాలి. ఇప్పుడే వెళ్ళాలి. ఫానిస్ చెవిలో ఒక్క మాట, అకిందినోస్ అని చెప్పు, అంతే, మిర్సీనికి తర్వాత కాళ్ళు పట్టుకుని చెప్పుకోవచ్చు, అబద్ధమాడానని, అన్నీ అబద్ధాలేనని, ఆమె ఏడుస్తుంది, మాట్లాడడం మానేస్తుంది, మానెయ్యనీ. ఫీవోస్ అని కేకు మీద రాయించారు, కొవ్వొత్తి మీద రాయించారు, రాయించనీ. కాలు కదిలింది. నిజంగా కదిలింది, ఒక అడుగు వేశాడు, రెండో అడుగు వేశాడు. సెవస్తి అత్త కోటు పట్టుకుని వెనక్కి లాగింది.

"ఎక్కడికిరా అప్రాచ్యుడా? కన్నవాడు గంగాళం దగ్గరికి పోకూడదు. నీ వంతు నువ్వు చేశావుగా, ఇక నిలబడు!"

వెనకవాళ్ళు కిసుక్కుమన్నారు. నిలబడ్డాడు. ఆ చెయ్యి విదిలించుకోవడానికి ఎంత బలం కావాలి? డెబ్బై దాటిన ఆడమనిషి చెయ్యి. ఆగమన్నందుకు లోపల ఎక్కడో ఒక మూల హమ్మయ్య అనిపించింది, ఆ హమ్మయ్యని తను విన్నాడు, వినకపోయుంటే బావుండేది.

ఫాదర్ మికేస్ బిడ్డని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. స్కేవోస్‌కి బాప్తిస్మం ఇచ్చిందీ ఆయనే, అప్పటికి గడ్డం నలుపు. జ్ఞానతండ్రి వైపు తిరిగి పేరేమిటని అడగాలి. ఫానిస్ గొంతు సవరించుకుని సిద్ధంగా ఉన్నాడు. ఫాదర్ మికేస్ అతనివైపు చూడనే లేదు. ఎందుకు చూస్తాడు? మొదటి మగపిల్లాడు, తండ్రి పేరు స్కేవోస్, తాత ముందు వరసలో సూటేసుకుని కూర్చున్నాడు, ఈ దీవిలో అది అడగవలసిన ప్రశ్నే కాదు. తూర్పుకి తిరిగి, బిడ్డని పైకెత్తి, చర్చి కప్పు అదిరేలా అన్నాడు.

"దేవుని సేవకుడైన అకిందినోస్, తండ్రి నామమున, బాప్తిస్మము పొందుచున్నాడు!"

బిడ్డ మునిగాడు. తలతో సహా మునిగాడు, నీళ్ళు గంగాళం అంచు దాటి చిందాయి, పైకొచ్చి ఊపిరందక ఒక్క క్షణం, తర్వాత చర్చి పగిలేలా ఏడుపు. నాన్న లేచి నిలబడ్డాడు. కర్ర లేకుండా నిలబడ్డాడు, కర్ర నేల మీద పడి దొర్లింది, ఆయన చెయ్యి నుదుటికీ గుండెకీ భుజాలకీ తిరుగుతూ శిలువ గీస్తోంది, వణికే ఆ చేత్తోనే, నోరు తెరిచి ఉంది, మొహమంతా తడి. "వినబడిందిరా!" అన్నారెవరో. సెవస్తి అత్త వెక్కుతోంది. స్కేవోస్‌కి ఎన్నడూ లేనంత తేలికగా, దేవుడే చేశాడు, తను చెయ్యలేనిది దేవుడే చేసేశాడు, ఇక ఎవరూ...

"ఫాదర్, ఒక్క నిమిషం. పొరపాటు జరిగింది. పేరు ఫీవోస్."

ఫానిస్. మర్యాదగా, స్పష్టంగా, చర్చి నాలుగు మూలలా వినబడేలా. తనకి చెప్పిన పని తను చేశాడు. ఫాదర్ మికేస్ తడి బిడ్డని గాల్లోనే పట్టుకుని ఆగిపోయాడు.

"ఏం ఫీవోస్? ఎవడు ఫీవోస్?" ఆయన కళ్ళద్దాల మీద నీళ్ళ చుక్కలు. జనంలోకి వెతికి స్కేవోస్‌ని పట్టుకున్నాడు. "ఒరేయ్ స్కేవో! పద్ధతి పక్కన పెట్టు. నీ బిడ్డ పేరేంట్రా? బిడ్డ చలికి చచ్చిపోతాడు, చెప్పు!"

ఎన్ని కళ్ళు. మిర్సీని చూస్తోంది, నాన్న మొహాన్ని చూసింది, ఆ తడిని చూసింది, అప్పుడు మొగుణ్ణి చూసింది, చెప్పానన్నావే అని ఆ చూపు, ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయిన చూపు. నోరు తెరిచాడు స్కేవోస్. అకిందినోస్ అనాలి. నాలుగక్షరాలు. ఫీవోస్ అనాలన్నా రెండక్షరాలే. ఏదో ఒకటి అనాలి, మగాడివేనా నువ్వు, ఏదో ఒకటి అను. నేల కేసి చూశాడు. రాతి పలక మీద మైనం చుక్కలు, అత్త నల్లబూట్లు, దొర్లివచ్చిన కర్ర కొస.

"ఫీవోసే ఫాదరూ."

నాన్న గొంతు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఫీవోస్. నాకు క్రిస్మస్ నాడే చెప్పారు పిల్లలు, నేనే సరే అన్నాను. మీ చెవిన వెయ్యమని నాకు పొద్దున ఒకటికి పదిసార్లు చెప్పాడు మావాడు. నేనే మర్చిపోయాను. ముసలి బుర్ర, ఏం చేస్తాం. కానివ్వండి, వాడికి చలేస్తోంది."

"మరి ఏడ్చావేం?" అన్నాడు ఫాదర్ మికేస్ ఆయన్నే చూస్తూ.

"మీ గొంతుకి ఎవడైనా ఏడుస్తాడు."

నవ్వు పుట్టింది, ముందు ఒక మూల, తర్వాత చర్చి అంతా, గాలి వదిలినట్టు. ఫాదర్ మికేస్ నవ్వలేదు. ఇంకొకసారి స్కేవోస్ కేసి చూశాడు, కొట్టినా అంత తగిలేది కాదు. "మునిగిన మునక మునిగిందే, దాన్ని వెనక్కి తీసుకోవడం నావల్ల కాదు" అని గొణిగి, తూర్పుకి తిరిగాడు. దేవుని సేవకుడైన ఫీవోస్, కుమారుని నామమున. నీళ్ళు చిందాయి. పరిశుద్ధాత్మ నామమున. నీళ్ళు చిందాయి. జనం నిండు నూరేళ్ళు అన్నారు, అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అన్న గొంతు ముందు వరసలోది. క్రిస్మస్ నాడే చెప్పారట. ఆ ముక్క ఆయనకెలా తెలుసు? ఆయనకి తెలియదు, ఊరికే అన్నాడు, నోటికొచ్చిన పండగ పేరు అన్నాడు, కొడుకు ఆడిన అబద్ధాన్ని, ఎవరూ చెప్పకుండానే, అక్షరం పొల్లుపోకుండా తన నెత్తిన వేసుకున్నాడు. చూస్తున్నావా మిర్సీనీ, ఇప్పుడు నువ్వు కూడా నమ్ముతావు, ముసలాయన మర్చిపోయాడని నమ్ముతావు. మిర్సీని నమ్మలేదు. తువ్వాలు పట్టుకుని బిడ్డ కోసం వెళ్తూ అతని పక్కనించే వెళ్ళింది, అతని వైపు తిరగలేదు.

బిడ్డకి తెల్లబట్టలు తొడుగుతున్నారు, జనం మిఠాయి పొట్లాల కోసం తలుపు వైపు కదులుతున్నారు. స్కేవోస్ వంగి కర్ర తీశాడు. ముందు వరసదాకా నడిచాడు, సిగ్గుతో చచ్చిపోవడమంటే మాటవరసకి అంటారనుకునేవాడు ఇన్నాళ్ళూ, మోకాళ్ళలో తెలుస్తోంది, నాన్నకి ఆ రోజు పడవ మీద తెలిసినట్టు, కాళ్ళు కనబడుతున్నాయి కానీ తెలియడం లేదు. కర్ర అందించాడు. మొహం ఎత్తలేకపోయాడు.

"ఎప్పుడు తెలిసింది నాన్నా?"

"గడ్డం గీస్తున్నప్పుడే. నా చెయ్యి వణుకుతుందని నీకిస్తే నీది నాకంటే ఎక్కువ వణికింది. ఏదో చెప్పాలని చెప్పలేకపోతున్నాడు వెధవ, అనుకున్నాను. మెట్ల దగ్గర ఆ పిల్ల మాట విన్నాక అదేమిటో తెలిసింది."

"మరి ముందే ఎందుకు..."

"నువ్వు చెప్తావేమోనని చూశాను." ముసలాయన కర్ర మీద బరువు సరిచేసుకున్నాడు. కోపం లేదు ఆ మాటలో, అదే భరించలేనిది. "తీరా మికేస్ గొంతెత్తి నా పేరు అనేసరికి, అంతా మర్చిపోయి లేచి నిలబడ్డాను. చిన్నపిల్లాడిలా. నలుగురిలో నవ్వులపాలయ్యాను."

"నాన్నా, రేపు ఫాదర్‌తో మాట్లాడతాను, పేరు పక్కన పేరు..."

"నోర్ముయ్‌రా." మెల్లగా అన్నాడు. గంగాళం కేసి చూస్తున్నాడు, నూనె తెట్టె కట్టిన నీళ్ళు ఇంకా అటూ ఇటూ ఊగుతున్నాయి, లోతు అంచనా వేసే ఆ చూపుతోనే చూస్తున్నాడు. "లెక్కలేనన్ని మునకలు మునిగినవాణ్ణి చెప్తున్నా విను. మొదటిదే గండం. నీళ్ళు ఎలా ఉంటాయో తెలియదు, పైకొస్తామో రామో తెలియదు. వాడు ఆ మొదటి మునక నా పేరు మీద మునిగాడు. మునిగి, ఏమీ కాకుండా పైకొచ్చాడు. చూశావుగా? తక్కిన రెండూ ఏ పేరు మీదైనా మునగొచ్చు."

చెయ్యెత్తి గడ్డం కింద తడుముకుని, దూది ముక్క దొరికించుకుని పీకి, చూసి, కొడుకు అరచేతిలో పెట్టాడు.

"ఆ పేరు పని అంతేరా, స్కేవో. అయిపోయింది. పద, వాణ్ణి నా చేతికియ్యి, ఇంకా తల తడిగా ఉండగానే ఎత్తుకోవాలి."